గద్దలగుట్ట మీద సున్నా గీత

నల్లమల బేస్ క్యాంపు,
మన్ననూరు మీదుగా,
నవంబరు 16

జయక్కా, వందనాలు.

ఇక్కడ ఫోను పలకదు. వైర్‌లెస్ సెట్టు ఉంది గానీ, దాంట్లో "అక్కా, బాగున్నావా" అని అడిగితే మా పై ఆఫీసరు నన్ను ఇంకా లోపలి క్యాంపుకు పంపుతాడు. వారానికోసారి బియ్యం, పప్పు తెచ్చే జీపులోనే ఉత్తరాలు వస్తాయి, పోతాయి. కాబట్టి పీఈటీ టీచరమ్మ విజిల్ పక్కన పెట్టి కలం పట్టాల్సిందే.

బదిలీ ఆర్డరు వచ్చిన హడావుడిలో గద్దలగుట్ట వాచ్ టవర్ తాళాలు వాచర్‌కు ఇవ్వమని నీ చేతిలో పెట్టి వచ్చేశాను. చెప్పాల్సినవి చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

టవర్ నట్లు వానలకు తుప్పు పట్టాయి. మెట్ల పక్క కమ్ములు వదులయ్యాయి. ఎండాకాలం మంటలు మొదలయ్యేలోపు గీకి రంగు వేయాలి. ఆఫీసు మంజూరు వచ్చేసరికి మళ్లీ వానలు వస్తాయి. ఆదివారాలు గుట్ట ఎక్కే మీ బృందం చేస్తానంటే రేంజర్ స్వరాజ్యం మేడం కాదనరు. గుట్ట ఎక్కే జనం మీ మాట వింటారు, మా యూనిఫాం మాట వినరు.

అన్నిటికంటే ముఖ్యం పైగదిలోని గుండ్రటి ఇనుప పలక. అంచు చుట్టూ అంకెలుంటాయి. పొగ కనిపిస్తే వాచర్ మొగులయ్య దాని మీది కడ్డీని పొగ వైపు తిప్పుతాడు. కడ్డీ ఏ అంకె మీద ఆగిందో రేంజ్ ఆఫీసుకు ఫోన్లో చెప్తాడు. అక్కడ గోడ మీది మ్యాపులో టవర్ ఉన్నచోట ఒక మేకు, మేకుకు దారం. ఆ అంకె మీదికి దారం లాగితే మంట ఏ వాగు వైపు ఉందో తెలుస్తుంది. ఇదంతా సున్నా గీత సరైన చోటు చూస్తుంటేనే. ఇనుప టవర్ మీద దిక్సూచి తిక్కగా తిరుగుతుంది, దాన్ని నమ్మొద్దు. నేను సున్నాను మన చర్చి శిలువకు పెట్టాను. మ్యాపు కూడా దాని ప్రకారమే గీశాను. రంగు కోసం పలక విప్పితే, మళ్లీ శిలువను గురి చూసి బిగించండి. తాత కాలం నుంచీ అక్కడే ఉన్న శిలువ అది.

మొగులయ్యను అడిగానని చెప్పు. అతన్ని నవ్విస్తూ ఉండు. రోజంతా ఒక్కడే ఉంటాడు.

నీ తమ్ముడు
ఆశేర్


పాల్మాకుల,
డిసెంబరు 29

ఆశేర్,

నీ ఉత్తరం అందింది. పని అయిపోయింది. వివరాలు రాస్తున్నాను.

గుట్ట మీద జనం పెరిగారు. ఎవరో టవర్ పైనుంచి విమానం దిగుతుంటే వీడియో తీసి పెట్టారట. అప్పటినుంచి బుద్వేల్, అత్తాపూర్ నుంచి కూడా వస్తున్నారు. తెల్లవారేసరికి కింద బండ్లు పెట్టే జాగా ఉండటం లేదు. టవర్ ఎక్కడానికి వరుస కట్టించాను. అయిదుగురు దిగితేనే అయిదుగురు ఎక్కాలి. విజిల్ పక్కన పెట్టమన్నావు గానీ, అదే పనికొచ్చింది.

రంగు శంషాబాద్ హార్డ్‌వేర్ కొట్టు సత్తిబాబు గారు ఇచ్చారు. ఆయనది భీమవరం వైపు. మా బృందంలో కొత్తగా చేరారు. గుట్ట సగం ఎక్కేసరికి ఆయాసం వస్తుంది, మాట మాత్రం ఆగదు. "మేడం గారూ, ఇది పడవలకేసే రంగండి. తుప్పు దీని వైపు కన్నెత్తి చూడదండి" అన్నారు. మొగులయ్య వెంటనే, "ఇంకేంది సేటూ, వాన బాగ పడితె మంచె తేలుతది" అన్నాడు. ఊరివాళ్లకు అది ఇప్పటికీ మంచే.

కమ్ములు బిగించాం. కింద నుంచి పైదాకా గీకి రెండు పూతలు వేశాం. పలక విప్పి, శుభ్రం చేసి, నువ్వు రాసినట్టే శిలువను గురి చూసి బిగించాం. సత్తిబాబు గారు మరలు తిప్పారు, నేను కడ్డీ వెంబడి గురి చూశాను. మొన్న సాయంత్రం ఆ పని పూర్తయింది. గాలి తేటగా ఉంది, శిలువ చక్కగా కనిపించింది.

ఇక ఇంటి సంగతులు. క్రిస్మస్ ముందు ఆదివారం కొత్త చర్చి ప్రతిష్ఠ జరిగింది. రోడ్డు వెడల్పులో పాత చర్చి ముందు భాగం పోతుందన్నారని కమిటీ హైవే వైపు స్థలం తీసుకుంది కదా, అక్కడే. పాత చర్చి మీది శిలువను దించి, పాటలు పాడుతూ ఊరంతా మోసుకెళ్లాం. ఏలియా మామయ్య ముందు నడిచాడు. నీ వంతు భుజం మామయ్య కూతురు జూలీ పట్టింది. ఆడపిల్ల ఏంటని ఒకరిద్దరు గొణిగారు. మామయ్య వెనక్కి తిరిగి చూస్తే ఊరుకున్నారు.

అక్క
జయశీల


నల్లమల బేస్ క్యాంపు,
జనవరి 18

జయక్కా,

రంగు సంగతి చదివి మనసు కుదుటపడింది. సత్తిబాబు గారికి నా తరఫున కృతజ్ఞతలు. ఆయాసం ఉన్నవాళ్లను తూర్పు దారిన ఎక్కించు, వాలు తక్కువ.

ఇక్కడ నిన్న ఎలుగుబంటి మా వంటపాక దాకా వచ్చి, బెల్లం డబ్బా తీసుకుని వెళ్లిపోయింది. నలుగురం చూస్తూ నిలబడ్డాం. ఎవరూ డబ్బా అడగలేదు.

గుట్ట చుట్టూ ఎండుగడ్డి కోసి ఖాళీ పట్టీ తీశారా? వెంచర్లవాళ్లు ప్లాట్లకు రాళ్లు పాతేముందు గడ్డి కాలుస్తారు. పొగ ముందు మహేశ్వరం వైపు నుంచే వస్తుంది. మొగులయ్యను అటు కన్నేసి ఉంచమను.

చర్చి గురించి ఏమీ రాయను. శిలువ దించిన రోజు నేను లేను. ఆ పేరా ఒక్కసారి చదివి మడిచేశాను.

ఆశేర్


పాల్మాకుల,
ఫిబ్రవరి 22

ఆశేర్,

ముందు ఒక మాట. మనుషులెవరికీ ఏమీ కాలేదు.

మొన్న మధ్యాహ్నం మహేశ్వరం వైపు పొగ లేచింది. మసక ఎండ. చింతల వాగు, ఎర్రబండ వాగు పైనుంచి ఒకేలా కనిపిస్తాయని నీకు తెలుసు. మొగులయ్య కడ్డీ తిప్పి అంకె చెప్పాడు. ఆఫీసులో దారం లాగితే ఎర్రబండ వాగు మీదికి పోయింది. ఫైర్ సిబ్బంది మంట ఆర్పే బ్లోయర్లు ఎత్తుకుని అక్కడికి పరుగెత్తారు. అక్కడ మంట లేదు. మంట కుడి పక్క చింతల వాగులో ఉంది. గుట్ట చుట్టూ తిరిగి వాళ్లు వచ్చేసరికి అది వాలు ఎక్కేసింది. పోయిన వానాకాలంలో మా బృందం నాటిన వేప, కానుగ, నెమలినార మొక్కలన్నీ కాలిపోయాయి. మల్లేశ్వర్ మేకల కొట్టం అంటుకుంది. మేకలు బయట మేస్తున్నాయి కాబట్టి బతికాయి.

మరునాడు స్వరాజ్యం మేడం వచ్చారు. అరవలేదు. మొగులయ్యను కూర్చోబెట్టి, నీళ్లిచ్చి అడిగారు. "పొగ ఆడ కనవడ్డది మేడం. కడ్డీ తిప్పిన, అంకె జూసిన, జెప్పిన. ఇగ నేనేం జేయాలె?" అన్నాడు. ఆమె అతన్ని దవాఖానలో కళ్ల పరీక్షకు పంపారు. కూతురు శోభ తీసుకెళ్లింది. దూరపు చూపు గద్ద చూపట. దగ్గరి చూపుకు మాత్రం అద్దాలు రాశారు.

పలక మీది అంకెలు దగ్గరివే కదా. మేడం ఆ చీటీ చూసి, మడిచి బల్ల మీద పెట్టారు. తర్వాత నాతో అన్నారు: "టీచర్ గారూ, నాకు ఆయన మీద కోపం లేదు. కానీ రేపు మంట ఊరి మీదికి వస్తే నేనేం జవాబు చెప్పాలె? మార్చి ఆఖరికి తాళాలు ఇచ్చేయమనండి. కెమెరా పెట్టిస్తా." అంతవరకు గుట్ట కూడా మూసేశారు. మొగులయ్యకు, రోజూ అన్నం తెచ్చే శోభకు తప్ప ఎవరికీ అనుమతి లేదు.

నిన్న కింద గేటు దగ్గర మొగులయ్య కనిపించాడు. ఎప్పుడూ ఏదో ఒక ఎకసెక్కెం ఆడే మనిషి, తల ఎత్తలేదు. "నా కండ్లే నన్ను మోసం జేసినయేమో టీచరమ్మా" అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు. అతను అంకె తప్పు చదివాడని అనుకోవడానికి కారణం ఉంది, రుజువు లేదు. నీకేమైనా తోస్తే రాయి.

జయశీల


నల్లమల బేస్ క్యాంపు,
మార్చి 3

అక్కా,

జీపు డ్రైవర్ని ఆపి, బానెట్ మీద పెట్టి రాస్తున్నాను.

మొగులయ్య ఆ అంకెలు చదవడు. తడుముతాడు. వాటిని ఉలితో చెక్కించింది నేనే, తెల్లవారుజామున కూడా పనికిరావాలని. కళ్లజోడు లేకపోయినా అతనికి అంకె తెలుస్తుంది. కానీ ఇది నేను రేంజర్‌కు చెప్తే స్నేహం కొద్దీ అంటున్నాడంటారు. కాబట్టి మాటలొద్దు, పరీక్ష చేయండి.

విమానాశ్రయం కంట్రోల్ టవర్‌ను గురి చూడు. దాన్ని ఎవరూ కదిలించలేదు. నా రోజుల్లో కడ్డీ తొంభై మీద ఆగేది. చర్చి పడమర, కంట్రోల్ టవర్ ఉత్తరం, మధ్యలో మూలమట్టం పెట్టినట్టు ఉండేది. ముందు మొగులయ్య చూడాలి, తర్వాత అతని మాట వినకుండా నువ్వు చూడాలి. మీ ఇద్దరి అంకెలూ వేరైతే తప్పు అతనిది. ఇద్దరిదీ ఒకే అంకె అయి, అది తొంభై కాకపోతే తప్పు పలకది.

అతనిదే తప్పని తేలితే అది కూడా దాచకు.

ఆశేర్


పాల్మాకుల,
మార్చి 12

ఆశేర్,

మేడం అనుమతి తీసుకుని నిన్న ఎక్కాను. జనం లేని గుట్ట నాకు కొత్త. కాలిన వాలు మీద అప్పుడే గడ్డి మొలిచింది, మొక్కల గుంతలు మాత్రం నల్లగా ఉన్నాయి.

మొగులయ్య చూసి అంకెను నా వెనక నిలబడ్డ శోభ చెవిలో చెప్పాడు. తర్వాత నేను చూశాను. ఇద్దరిదీ డెబ్బై.

అంటే పలకే తిరిగింది. నేనే కదా గురి చూసి బిగించింది, ఎలా తిరుగుతుంది అనుకుంటూ కడ్డీని సున్నా మీదికి తెచ్చి చూశాను. శిలువ సరిగ్గా గురిలో ఉంది. ఒక్క గోరంత కూడా పక్కకు లేదు. మళ్లీ చూశాను. అప్పుడు శిలువ కింద గోడ కనిపించింది. తెల్ల గోడ, నీలం అంచు. కొత్త చర్చి.

నువ్వు శిలువకు పెట్టమన్నావు. నేను శిలువకే పెట్టాను. శిలువను అప్పటికే హైవే వైపు మోసుకెళ్లిపోయాం. టవర్ నుంచి చెయ్యి చాచి పిడికిలి పట్టుకుంటే, పాత చోటుకూ కొత్త చోటుకూ మధ్య రెండు పిడికిళ్ల దూరం, అంటే పలక మీద ఇరవై అంకెలు. చింతల వాగుకూ ఎర్రబండ వాగుకూ మధ్య కూడా అంతే. ఆ ఊరేగింపులో నేనూ పాడాను. వారం తిరక్కుండానే ఇక్కడికి వచ్చి పలక బిగించాను. నాకు తట్టలేదు.

మొగులయ్యకు చెప్పాను. కాసేపు పడమర వైపు చూశాడు. తర్వాత, "మీ దేవుడు ఇల్లు మారిండు, సంతోషం. మాకు జర జెప్పి మారాలె గదా టీచరమ్మా!" అన్నాడు. శోభ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మూడు వారాల తర్వాత అతని నోట ఎకసెక్కెం విన్నాను. నాకు మాత్రం నవ్వు రాలేదు.

దిగే దారిలో ఒక సంగతి ఆలోచించాను. ఈ మాట మేడంకు చెప్తే మొగులయ్య మీది నింద పోతుంది. కానీ టవర్‌ను పాడుచేసింది ఆదివారం బృందమే అవుతుంది. గుట్ట మళ్లీ తెరవరు. సత్తిబాబు గారికి ఫోన్ చేసి అదే చెప్పాను. "మేడం గారూ, మరలు తిప్పింది నేనండి. గుట్ట ఎక్కకపోతే నాకు ఇంకొంచెం పొట్ట వస్తుందండి, అంతే కదా. ఆయన కూడు పోకూడదండి. ముందు నా పేరే చెప్పండి" అన్నారు. ఇద్దరం కలిసి రేంజ్ ఆఫీసుకు వెళ్లాం.

మేడం అంతా విన్నారు. స్వయంగా గుట్టెక్కి రెండు అంకెలూ చూసుకున్నారు. కిందికి వచ్చాక అన్నారు: "కారణం దొరికింది. అది రుజువు కాదు. కంట్రోల్ టవర్‌ను తొంభై మీద పెట్టి పలక బిగించండి. నెలాఖరు దాకా చూస్తా. మళ్లీ పొగ లేచిన్నాడు ఆయన అంకె నిలబడితే ఆయన ఉంటడు. లేకుంటే తాళాలు నాకు. మీ బృందం సంగతి తర్వాత."

పలక సరిచేశాం. ఇప్పుడు అందరం పొగ కోసం ఎదురుచూస్తున్నాం. పొగ రాకూడదనే కదా అక్కడ టవర్ ఉన్నది.

జయశీల


నల్లమల బేస్ క్యాంపు,
మార్చి 19

అక్కా,

డిసెంబరు ఉత్తరం మళ్లీ విప్పాను. పలక ఒక పేరాలో ఉంది, శిలువ దాని కిందే ఉంది. నేను శిలువ పేరాను కోపంతో చదివాను. చల్లగా చదివి ఉంటే జనవరిలోనే పట్టుకునేవాణ్ని. తప్పును ముగ్గురం పంచుకుందాం, నీకూ సత్తిబాబు గారికీ మాత్రమే వదిలిపెట్టను.

నీ ఉత్తరం చదివిన మరునాడు మా క్యాంపు టవర్ ఎక్కాను. ఇక్కడి పలక సున్నా కొండ కొన మీది ఒంటి ఏగిస చెట్టుకు ఉంది. చెట్టు కనిపించలేదు. వాచర్‌ను అడిగితే, పోయిన వానల్లో పిడుగు పడి కూలిందన్నాడు. "మరి సున్నా ఎటు చూస్తున్నావు?" అంటే, "అదిగో, ఆ చెట్టుకు సార్" అని దాని పక్కదాన్ని చూపించాడు. ఇప్పుడు బండరాయికి పెట్టాం. మా పై ఆఫీసరు అన్ని క్యాంపులకూ వైర్‌లెస్‌లో చెప్పాడు: సీజన్ మొదటి రోజు గుర్తు అక్కడే ఉందో లేదో చూడండి, చూశాకే అంకెలు చెప్పండి అని.

మీకు పొగ రావాలని కోరను. వస్తే మొగులయ్య అంకె నిలబడుతుంది. ఆ విషయంలో నాకు అనుమానం లేదు.

ఆశేర్


పాల్మాకుల,
మార్చి 30

ఆశేర్,

పొగ వచ్చింది. ముందు ముగింపు రాస్తున్నాను, తర్వాత వివరాలు. మొగులయ్య ఉంటున్నాడు.

నిన్న సెలవు కదా, గుట్ట సంగతి కనుక్కుందామని రేంజ్ ఆఫీసుకు వెళ్లాను. మేడంతో మాట్లాడుతుండగానే ఫోను మోగింది. ఆమె స్పీకర్ పెట్టారు. "మేడం, గుట్టెన్క పొగ లేస్తున్నది. అంకె రాసుకోండ్రి" అని చెప్పాడు. గొంతులో తొందర లేదు. గుమాస్తా దారం లాగబోతే మేడం తనే లేచి లాగారు. దారం చింతల వాగు పై మలుపు మీద ఆగింది. "ఎటుంది మొగులయ్యా, చింతల వాగా, ఎర్రబండనా?" అని అడిగారు. అటు నుంచి, "నన్ను అడుగుతున్నరా, దారాన్ని అడుగుతున్నరా?" అని వినిపించింది. గుమాస్తా తల దించుకున్నాడు. మేడం నవ్వు ఆపుకున్నారు. "నిన్నే" అన్నారు. "చింతల వాగు. పై మలుపు. కొత్త వెంచరు గోడ పక్కన."

సిబ్బంది నేరుగా అక్కడికే వెళ్లారు. ఎవరో ప్లాటు గడ్డికి నిప్పు పెట్టి భోజనానికి పోయారు. మంట గోడ దాటక ముందే ఆర్పేశారు. గుట్ట మీద ఒక్క మొక్క కాలలేదు. మల్లేశ్వర్ మేకల కొట్టానికి కొత్త కప్పు వేస్తున్నాడు, నిచ్చెన కూడా దిగలేదు.

సాయంత్రం మేడంతో నేనూ గుట్టెక్కాను. మొగులయ్య కొత్త కళ్లజోడు పెట్టుకుని నిలబడ్డాడు, మనిషి ఎవరో అనిపించింది. "ఏం మేడం, నా కండ్లు దవాఖాననే ఉన్నయా, నాతోటి వచ్చినయా?" అన్నాడు. అతను ఇవ్వబోయిన తాళాల గుత్తిని ఆమె తిరిగి అతని చేతిలోనే పెట్టారు. "కెమెరా వస్తది. దానికి కూడా నువ్వే అంకెలు నేర్పాలె" అన్నారు.

బృందం సంగతి నేనే అడిగాను. గుట్ట ఆదివారాలు తెరుస్తారు. పైగదిలోకి వాచర్ తప్ప ఎవరూ వెళ్లకూడదు. రంగు, నట్లు, మెట్లు మా పనే. పలక మీద మాత్రం చెయ్యి వేయకూడదు. కాలిన వాలులో మొక్కలు మళ్లీ మేమే నాటాలి. సత్తిబాబు గారు గుంతలకు మనుషుల్ని ఇప్పుడే పోగు చేస్తున్నారు. తను మాత్రం తూర్పు దారినే ఎక్కుతారట.

జయశీల


నల్లమల బేస్ క్యాంపు,
ఏప్రిల్ 6

జయక్కా,

నీ ఉత్తరం మా వంటపాకలో అందరికీ చదివి వినిపించాను. "నన్ను అడుగుతున్నరా, దారాన్ని అడుగుతున్నరా" దగ్గర రెండోసారి చదవమన్నారు.

సెలవు మంజూరైంది. వచ్చే శనివారం బయల్దేరుతున్నాను. ఆదివారం పొద్దున నేరుగా గుట్ట దగ్గరికే వస్తాను, చర్చికి తర్వాత వెళ్దాం. వరుసలో నిలబడే ఎక్కుతాను, విజిల్ వేసి నన్ను పక్కకు లాగకు. పైగదిలోకి మేడం అనుమతి నువ్వే తీసుకోవాలి.

కొత్త చోట శిలువ ఏ అంకె మీద ఉందో నాకు లెక్క తెలుసు. అయినా ఎవరూ చెప్పొద్దు, మొగులయ్యను కూడా నోరు మూసుకోమను. కడ్డీ నేనే తిప్పుతాను. శిలువను మోసిన రోజు నేను లేను. ఎక్కడ పెట్టారో నా కళ్లతో చూసుకుంటాను.

ఆశేర్